అమ్మిన నాణెముల ఆచూకి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభ సమయమున దాని చరిత్రను చెప్పుటకు నాకంటె పెద్దలును, వాగ్ధాటి గలవారును ఈ వేదికపై నున్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీకు తోచిన విషయమేదైనను చెప్పుడు, లెక్కలు మాత్రము చదువవలదు" అని ముందుగనే కట్టడి చేసిరి. వారి మాట మన్నించి జమాఖర్చులు చదువను. కాని లెక్కలు వ్రాయువాని మనస్సు ఖాతా పుస్తకము చుట్టును తిరుగక మానదు గదా! ఒక వస్తువును అమ్మితిమి. పైకము ముట్టినది. జమ వ్రాసితిమి. లెక్క ప్రకారము ఆ పద్దు ముగిసినది. అమ్మినవాని మనస్సులో మాత్రము అది ముగియకుండుట ఏల? ఇదియే నేటి నా విషయము. నాణెములను ఉదాహరణముగా తీసికొందును. దానికి కారణము మీలో పెద్దలకు తెలియును, చిన్నలకు కొంచెము సేపటిలో తెలియును.

సంతలో ఎద్దును అమ్మిన రైతును చూడుడు. కట్టుత్రాడు తాను ఉంచుకొని ఎద్దును ఒప్పగించును. మరుసటి యేడు అదే సంతకు పోయినపుడు కొన్న ఊరివాడు కనబడినచో ధాన్యము ధర అడుగుటకు ముందు, "మా ఎద్దు ఎట్లున్నది?" అని అడుగును. గమనింపుడు, 'మా' ఎద్దు! అమ్మి ఏడాది యైనను 'మా' అను మాట పోలేదు. ఆ మాటను ఎవరును తప్పుపట్టరు. నాణెములను కూర్చినవాడు వర్తకునికి అమ్మి, తరువాత వాని సంగతి విచారించినచో మాత్రము జనులు నవ్వుదురు. "ఎక్కువ ధరకు పోయినదని ఏడ్చుచున్నాడు" అందురు. ధర తక్కువ వచ్చెనని బాధపడువారు లేకపోలేదు. అయితే నేను చూచినంతలో, చదివినంతలో, అడుగువారిలో పెక్కుమంది అడుగునది ధర కాదు. ఆ బిళ్ళ ఎవరి చేతిలో నున్నది? భద్రముగా నున్నదా, కరగిపోయినదా? దానిని క్రొత్తగా కొన్నవారికి నాకు తెలియని విశేషమేదైన తెలిసినదా? ఇవి వారి ప్రశ్నలు.

మన సాహిత్యమున చేతులు మారిన వస్తువుల కథలకు కొదువ లేదు. శకుంతల వ్రేలి నుండి జారిన ఉంగరము చేప కడుపున చేరి, జాలరి చేతికి వచ్చెను. వాడు దానిని అమ్మజూపగనే రక్షకభటులు పట్టుకొని అడిగిన మొదటి ప్రశ్న యేమి? "ఇది నీకెక్కడిది?" అనియే గదా! నేడు నాణెముల విద్య తెలిసినవారు ప్రతి నాణెమును చూచి అడుగు మొదటి ప్రశ్నయు అదియే. ముద్రారాక్షస నాటకమున రాక్షస మంత్రి ముద్రిక, ఆయన కుటుంబము తలదాచుకొన్న చందనదాసుని ఇంటి గడప దాటి దొర్లి, చారుని చేతి మీదుగ చాణక్యుని చేరును. తరువాత కథయంతయు ఆ ముద్రిక నడపినదే. శ్రీనాథ కవిసార్వభౌమునకు ప్రౌఢదేవరాయల సభలో దీనార టంకములతో కనకాభిషేకము జరిగినదని ప్రసిద్ధి. కడకాలమున ఆ మహాకవి కౌలు పైకము కట్టలేక పడిన ఇక్కట్లను గూర్చిన చాటువులు మీరెరిగినవే. చదివినప్పుడెల్ల నాకొక సందేహము పొడమును. ఆ టంకములన్నియు ఎవరి పెట్టెలకు పోయినవి? ఏ షరాబు కొన్నాడు? వానిలో ఒక్కటియైన నేడు ఏ మ్యూజియము అద్దము క్రిందనో ఉండి, తన మీద నుండి జారిన కవి తల ఎవరిదో చెప్పలేక మూగగా నున్నదా? ఇట్టి ప్రశ్నకు పండితులు సమాధానము చెప్పరు. లెక్కలవాడు గనుక నేను అడిగితిని.

'దీనారము' అను మాటయే చేతులు మారి వచ్చినది. అది రోమను వారి దెనారియసు. 'ద్రమ్మము' గ్రీకుల ద్రక్మ. మన 'కాసు' ఇంగ్లీషువాని నోట 'క్యాష్' అను చిన్న నాణెపు పేరు అయినది. మాటల ప్రయాణమును నిఘంటువులు వ్రాసిపెట్టుచున్నవి. ఒక్కొక్క నాణెము ప్రయాణమును వ్రాసిపెట్టువాడెవడు?

కొంతవరకు నాణెమే వ్రాసికొనును. పూర్వము షరాబులు తమ చేతికి వచ్చిన వెండి నాణెమును పరీక్షించి, మంచిదని తేలినచో చిన్న గుర్తు ఒకటి కొట్టెడివారు. అతిప్రాచీనములైన విద్ధాంక నాణెముల వెనుక వైపున ఇట్టి చిన్న గుర్తులు కనబడును. మొగలాయి రూపాయల మీదను కనబడును. ఎన్ని గుర్తులో అన్ని పరీక్షలన్నమాట. 1898 లో పుదుక్కోట సంస్థానమున 501 రోమను బంగారు నాణెములు దొరికినవి. వానిలో చాలవాని మీద చక్రవర్తి ముఖమునకు అడ్డముగా ఉలిగాటు ఉన్నది. అది నాణెముగా మరల చెల్లకుండుటకు పెట్టినదని కొందరును, బంగారమును పరీక్షించుటకని కొందరును చెప్పుదురు. నాసిక మండలములోని జోగల్‌తెంబి యను చోట 1906 లో 13 వేలకు పైగా వెండి నాణెములు ఒక్క చోట బయల్పడెను. అవి క్షహరాత నహపానునివి. వానిలో సుమారు మూడింట రెండు వంతుల నాణెముల మీద మన శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను కొట్టించెను. క్రింద ఓడినవాని ముఖము, పైన గెలిచినవాని చిహ్నము! ఒకే బిళ్ళ మీద ఇద్దరు యజమానుల సంతకములు. ఇంత స్పష్టమైన హక్కు మార్పిడి దస్తావేజు మన రిజిస్ట్రారు కచేరీలో గూడ దొరకదు.

కాని ఇవన్నియు రాజుల గుర్తులు, షరాబుల గుర్తులు. మామూలు మనిషి గుర్తు నాణెము మీద పడదు. కర్నల్ కాలిన్ మెకంజీ దొర మన దేశమున కైఫీయతులు, శాసనములు, తాళపత్రములు సేకరించిన సంగతి మీరెరుగుదురు. ఆయనకు కుడి భుజములై నిలిచినవారు మన ఏలూరు వారగు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. దొర 1821 లో చనిపోయిన పిదప ఆయన సేకరణమును ఆయన భార్య నుండి కుంపిణీవారు కొనిరి. ఆ సేకరణములో ఏయే వస్తువులు ఎన్నెన్ని యున్నవో చూపు పట్టికలో 6,218 నాణెములని ఉన్నది. ఆ అంకెను నేను చాలసేపు చూచుచు కూర్చుంటిని. కావలి సోదరులు ఊరూర తిరిగి అడిగినపుడు ఎవరో ఒక రైతు దున్నుచుండగా దొరికినది ఇచ్చియుండును. ఎవరో ఒక ముసలమ్మ దేవుని గూటి నుండి తీసి ఇచ్చియుండును. ఇచ్చినవారిలో ఒక్కరైనను, "అయ్యా, మా కాసు ఇప్పుడెక్కడ నున్నది?" అని అడుగకుండ ఉందురా? కూడిక వేసిన అంకెలో ఇచ్చినవాని పేరు కనబడదు. కూడికల స్వభావము అది.

ఇక నేటి కాలపు సంగతి. నాణెమును వర్తకునికి అమ్మినచో ఏమగునో ఉన్నదున్నట్లు చెప్పెదను. మీలో చాలమంది ఇండ్లలో పాత రూపాయలు ఉన్నవి గనుక ఇది పనికివచ్చును.

పట్టణమునకు తీసికొనిపోయిన నాణెములలో సామాన్యమైన వెండి రూపాయలకు గతి చాలవరకు మూసయే. 1835 నుండి కుంపిణీవారును, తరువాత రాణిగారి ప్రభుత్వమువారును కొట్టించిన రూపాయ తూకము 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. పండ్రెండింట పదకొండు పాళ్ళు వెండి. కంసాలులు దానిని తూనికరాయిగా వాడినది అందుచేతనే. 1940 లో వెండి సగమునకు తగ్గినది. వెండి ధర పెరిగినప్పుడెల్ల పాత రూపాయలు కుంపటికి పోవును. 1980 జనవరిలో అమెరికాలో వెండి ధర ఔన్సునకు 50 డాలర్ల సమీపమునకు ఎగబ్రాకినపుడు ప్రపంచమంతట పెట్టెలలోని వెండి నాణెములు లెక్కలేనన్ని కరగిపోయినవి. కావున అట్టి రూపాయను అమ్మినవాడు దాని ఆచూకి అడిగినచో, అది ఇప్పుడు ఎవరి కాలి పట్టీయో, ఏ గిన్నెయో అయియుండవచ్చునని చెప్పవలెను. కటువైన సమాధానమే, కాని నిజము.

అరుదైనది అయినచో వర్తకుడు కరగింపడు. ఇంకొక వర్తకునికి అమ్మును, లేదా వేలమునకు పంపును. అచట ఛాయాచిత్రము తీసి, తూకము వేసి, జాబితా పుస్తకమున అచ్చువేయుదురు. పాత జాబితాలను దాచుకొని, నేటి నాణెమును నూరేండ్ల నాటి చిత్రముతో సరిచూచి, "ఇది ఫలానావారి సంచిలోనిది" అని పట్టుకొను నేర్పరులు ఉన్నారు. చేతితో సుత్తె దెబ్బ వేసి ముద్రించిన పాత నాణెములకు ఇది సాధ్యము. ఏ రెండును ఒక్క తీరుగ ఉండవు. ఒకదాని అంచు పగిలియుండును, ఒకదాని అక్షరము బిళ్ళ దాటి పోయియుండును. మనిషికి పుట్టుమచ్చల వంటివి. యంత్రముతో కొట్టిన నాణెములు కవల పిల్లలు. వానిని గుర్తించుటకు వాడుకలో పడిన గీతలు, దెబ్బలే ఆధారము. ఇందుకే అమెరికాలో 1986 నుండి నాణెమును పరీక్షించి, ప్లాస్టికు డబ్బీలో మూసి, ప్రతిదానికి ఒక సంఖ్య వేయు పద్ధతి బలపడినది. డబ్బీ పగులగొట్టనంతవరకు ఆ సంఖ్యను బట్టి దాని రాకపోకలు తెలియును. పగులగొట్టినచో మరల మొదటికే వచ్చును.

సేకర్తలు నాణెముతోపాటు చిన్న కాగితపు చీటీ నొకదానిని పెట్టుకొనుట పాత అలవాటు. ఎప్పుడు, ఎచట, ఎంతకు కొన్నదియు దానిపై వ్రాయుదురు. వర్తకుల బల్లపై మొదట తప్పిపోవునది ఆ చీటీయే. నాణెమునకు ధర ఉన్నది, చీటీకి లేదు గదా! నా దృష్టిలో చీటీ పోయిన నాణెము తల్లిదండ్రుల పేర్లు తెలియని శిశువు వంటిది. అందము తగ్గదు, చరిత్ర మాత్రము పోవును. దీనికి మన తెలుగు దేశముననే గొప్ప ఉదాహరణ మున్నది. గోదావరి యొడ్డున, పూర్వపు కరీంనగరు మండలములోని కోటిలింగాల యను గ్రామమున వానలకు మట్టి కొట్టుకొనిపోయినపుడు నేలపై చిన్న నాణెములు తేలుచుండెడివి. స్థానికముగా ఆసక్తి గలవారు వానిని ఏరి, దొరికిన చోటు చెప్పి, శాసన పండితులగు పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటి విద్వాంసులకు చూపిరి. గోభద, నారన, కంవాయ, సమగోప యను పేర్లు వెలికివచ్చినవి. శాతవాహన వంశమునకు మూలపురుషుడగు శ్రీముఖుని పేరు గల నాణెములును దొరికినవి. శాతవాహనుల తొలినాటి చరిత్రలో గోదావరీ తీరపు తెలంగాణమునకు చోటు కల్పించినవి ఆ చిన్న బిళ్ళలే. అవే నాణెములు ఊరు పేరు లేక ఏ పట్టణపు దుకాణములోనో గంపలో పడియున్నచో, వాని మీద అక్షరములు అవే ఉండెడివి, తూకము అదే ఉండెడిది, చెప్పెడి సంగతి మాత్రము పదోవంతు కూడ ఉండెడిది కాదు.

విదేశములలో ఆచూకి కథలు విచిత్రములైనవి ఉన్నవి. రెండు మాత్రము చెప్పెదను. అమెరికాలో 1913 సంవత్సరము వేసిన ఒక రకపు అయిదు సెంట్ల నికెలు నాణెములు అయిదే ఉన్నవి. ఒకప్పుడు అయిదును ఒక్క ధనికుని యొద్దనే ఉండెను. ఆయన మరణించిన పిదప వర్తకుల చేతుల మీదుగా చెదరిపోయినవి. వానిలో ఒకటి జార్జి వాల్టన్ అను సేకర్తకు చేరెను. ఆయన 1962 లో నాణెముల ప్రదర్శనకు పోవుచు మోటారు ప్రమాదమున మరణించెను. వారసులు పరీక్షకు పంపగా, తారీకు మార్చిన దొంగ నాణెమని చెప్పి తిప్పి పంపిరి. ఆయన సోదరి దానిని పారవేయక బీరువాలో దాచెను. నలువది యేండ్లు దాటిన పిమ్మట, 2003 లో బాల్టిమోరు నగరమున మిగిలిన నాలుగు నాణెములను ఒక చోట చేర్చినపుడు, ఆమె పిల్లలు దీనిని కూడ తీసికొనిపోయిరి. నిపుణులు అయిదింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఇది నిజమైనదే యని తేల్చిరి. 2013 లో అది 30 లక్షల డాలర్లకు మించి పలికెను. నాకు ఆశ్చర్యము కలిగించునది ఆ ధర కాదు. దొంగదని చెప్పిన దానిని ఏండ్ల తరబడి ఆ సోదరి ఏల దాచినది? అన్నగారిది గనుక దాచినది. అంతే.

రెండవది బంగారు నాణెము. అమెరికా ప్రభుత్వము 1933 లో ఇరువది డాలర్ల బంగారు నాణెములు 4,45,500 కొట్టించి, బంగారము చెలామణి ఆపివేసినందున వానిని జనులకు ఇవ్వక కరగించెను. కొన్ని టంకశాల నుండి దొంగతనముగా బయటపడినవి. ఒకటి ఈజిప్టు రాజు ఫారూక్ కొన్నాడు. 1952 లో ఆయన సింహాసనము పోయినది. 1954 లో ఆయన వస్తువులను వేలము వేసినపుడు అమెరికావారు అభ్యంతరము చెప్పగా ఆ నాణెమును వేలము నుండి తీసివేసిరి. అంతట అది మాయమైనది. 1996 లో న్యూయార్కులోని ఒక హోటలులో అమ్మజూపిన ఇంగ్లీషు వర్తకుని చేతిలో దొరికెను. వ్యాజ్యము నడచి, రాజీ కుదిరి, 2002 లో 75 లక్షల 90 వేల డాలర్లకు వేలమైనది. ఆ ధర మీద కొన్నవారు మరొక ఇరువది డాలర్లు అమెరికా ఖజానాకు కట్టవలసి వచ్చెను. ఎందుకనగా, ఆ నాణెము ఖజానా నుండి న్యాయముగా ఎన్నడును వెలువడలేదు గనుక, దాని ముఖవిలువ అప్పటికి జమ పడలేదు! ఈ ఒక్క పద్దును చదివి నేను ఒంటరిగా చాలసేపు నవ్వుకొంటిని. 2021 లో అదే నాణెము కోటి 88 లక్షల డాలర్లకు పైగా పలికినది.

ఇప్పుడు మన యింటి సంగతి. ఈ గ్రంథాలయమునకు మొదటి బీరువాలును, మొదటి నాలుగు వందల పుస్తకములును ఏ పైకముతో వచ్చినవో చిన్నవారికి తెలియదు. మన ఊరి ముసలమ్మ ఒకావిడ, పేరు చెప్పవలదని ఆవిడ కోరిక గనుక చెప్పను, ఒక గుడ్డ సంచి తెచ్చి సంఘమునకు ఇచ్చెను. అందులో 43 నాణెములు. ఒక బంగారు వరహా, 31 వెండి రూపాయలు, 11 రాగి కాసులు. సంఘము వారు తీర్మానము చేసి, బంగారమును వెండియు పట్టణమున ఒక వర్తకునికి అమ్మిరి. రాగి కాసులు వర్తకుడు వద్దనెను. అమ్ముటకు ముందు నేను వరహాను కంసాలి త్రాసున తూచి, రెండు వైపులను పలుచని కాగితము మీద పెన్సిలుతో అచ్చు తీసి, లెక్కల పుస్తకమున అంటించితిని. ఒక వైపున కూర్చున్న బాలకృష్ణుడు, రెండవ వైపున నాగరిలో శ్రీ ప్రతాప కృష్ణరాయ యని మూడు వరుసలు. ఉదయగిరి జయించి, అచటి బాలకృష్ణ విగ్రహమును రాయలు విజయనగరమునకు తెచ్చి గుడి కట్టించిన సంగతికి ఈ బొమ్మ జ్ఞాపకమని పండితులు చెప్పుదురు. స్వామి తలపైన అంచున ఒక తొర్ర ఉండెను. ఆవిడకు చిన్నతనమున వాళ్ళమ్మ దానిని నల్లత్రాటికి గ్రుచ్చి మెడకు కట్టెనట. తూకము 3.28 గ్రాములు.

ఆవిడ ధర ఎంత వచ్చినదని ఒక్కనాడును అడుగలేదు. నేను వీధిలో కనబడినప్పుడెల్ల, "నాయనా, మా కిట్టయ్య బిళ్ళ ఎవరింటున్నదో ఏమన్నా తెలిసిందా?" అని మాత్రము అడిగెడిది. ఒకసారి పట్టణమునకు పోయినపుడు ఆ వర్తకుని అడిగితిని. "అమ్మిన దాని సంగతి అడగకూడదండీ, కొన్నవారి పేరు మేము చెప్పకూడదు" అని ముఖము త్రిప్పుకొనెను. అప్పుడు కష్టమనిపించినది గాని, ఆలోచింపగా అతని మాటలో న్యాయము లేకపోలేదు. ఫలానావారి యింట బంగారు నాణెమున్నదని ఊరంతయు చాటినచో వారి తలుపునకు కన్నము పడదా? పేరు చెప్పకుండుట వేరు, కసరుట వేరు. మర్యాదగ మాటలాడి, మన ఉత్తరమును మూసిన కవరులో కొన్నవారికి అందజేయు వర్తకులు కూడ ఉన్నారు. బదులు వ్రాయుట, మానుట కొన్నవారి ఇష్టము. అమ్ముకొనువారు ఈ మార్గము గుర్తుంచుకొనుట మంచిది.

పదకొండేండ్లకు నాకు ఒక వేలము జాబితా చదువుటకు దొరికెను. అందులో కృష్ణరాయల వరహాలు ఆరు ఉన్నవి. నాలుగవ దానిని చూచి లేచి నిలుచుంటిని. క్రింది వరుసలో చివరి అక్షరము సగమే పడినది, మన అచ్చులోను సగమే. కుడి అంచున సన్నని చీలిక, మన అచ్చులోను అచటనే. తలపైన తొర్ర మాత్రము లేదు, దాని చోట నున్నని మచ్చ యున్నది. క్రింద వివరణలో తొర్ర పూడ్చబడినదని వ్రాసిరి. తూకము 3.36 గ్రాములు. ఎనిమిది సెంటీగ్రాముల పెరుగుదల! అరిగిపోయిన బంగారము తనంత తాను పెరుగదు. పూడ్చిన బంగారము అది. నా లెక్క సరిపోయినది.

ఆ పుస్తకము పట్టుకొని ఆవిడ యింటికి పోయితిని. కంటిచూపు తగ్గినందున చిత్రము కనబడలేదు. నేను చెప్పుచుండగా వినెను. కొన్నవారెవరో తెలియదనియు, నూరేండ్లు దాటిన నాణెమును దేశము దాటించుటకు 1972 నాటి చట్టము ఒప్పుకొనదు గనుక న్యాయముగా మన దేశమునందే ఉండవలెననియు చెప్పితిని. "తొర్ర పూడ్చేశారా?" అని అడిగెను. అవునంటిని. "అయితే ఇంక ఏ పిల్ల మెడకీ కట్టరన్నమాట" అనెను. ఇంకేమియు అడుగలేదు. నేను జాబితాలోని ధర చెప్పబోయితిని. వినలేదు.

తొర్ర పూడ్చినవారిని నేను నిందింపను. సేకర్తకు తొర్ర ఒక లోపము, దానిని బాగుచేసి జాగ్రత్తపరచితినని అతడు సంతోషించును. ఆవిడకు ఆ తొర్రయే నాణెము. ఒకే వస్తువునకు ఇద్దరు యజమానులు రెండు వేరువేరు ప్రాణములు పోయుదురు. రెండవవారికి మొదటి ప్రాణము సంగతి తెలిసియున్నచో పూడ్చకపోయి యుండెడివారేమో! తెలియజేయుటకు దారి లేకపోవుటయే నాకు చింత. జోగల్‌తెంబి నాణెముల మీద నహపానుని ముఖము సగమైనను మిగిలినది.

ఇక ఈ సభ ముందు ఒక కార్యము ఉన్నది. ఆ 11 రాగి కాసులు నేటికిని మన బీరువాలో ఉన్నవి. పైకప్పు మరమ్మతు నిమిత్తము వానిని అమ్మవలెనని కార్యవర్గములో కొందరును, ఉంచవలెనని కొందరును అనుచున్నారు. వాని ధర పెంకులకు కూడ చాలదని నా అంచనా. అయినను అమ్ముటకు నేను అడ్డుపడను. గ్రంథాలయమునకు పుస్తకములు తడియకుండుట ముఖ్యము, ఇచ్చినావిడ ఉద్దేశము కూడ అదియే. అమ్మినచో మూడు షరతులు పెట్టుడు. ప్రతి కాసును తూచి, రెండు వైపులను ఛాయాచిత్రము తీయించి, మన పుస్తకమున అతికించవలెను. ఏ యింటి నుండి, ఏ యేట వచ్చినదో చీటీ వ్రాసి నాణెముతో పంపవలెను, ఆ చీటీకి నకలు మన యొద్ద ఉండవలెను. పురావస్తువుల వ్యాపారమునకు లైసెన్సు గల వర్తకునికే అమ్మవలెను. అట్టివారు రిజిష్టరు ఉంచవలెనని పైని చెప్పిన చట్టమే శాసించుచున్నది. అతని రిజిష్టరులో ఒక వరుస, మన రిజిష్టరులో ఒక వరుస ఉండును. రెంటికిని నడుమ దారి ఉండును.

ఇండ్లలో పాత నాణెములు గలవారు అమ్ముకొన్నను, దాచుకొన్నను, వానిని ఆదివారము ఉదయము గ్రంథాలయమునకు తెచ్చినచో తూచి, అచ్చు తీసి, వివరము వ్రాసి ఇచ్చెదను. రుసుము లేదు. వానిని చింతపండుతోను, బూడిదతోను తోమి తేవలదు. ఉన్నవి ఉన్నట్లుగానే తెండు. నేలలో దొరికినవి అయినచో మాత్రము నా యొద్దకు కాదు, 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువకు మించిన దానిని కలెక్టరుగారికి తెలుపవలెను. ఆ అర్జీ వ్రాయుట తెలియనివారికి వ్రాసిపెట్టెదను. వరహా అచ్చు అంటించిన లెక్కల పుస్తకము రెండవ బీరువా పై అరలో నున్నది. చూడదలచినవారు గ్రంథపాలకుని అడిగి చూడవచ్చును. పెన్సిలు అచ్చు గనుక వ్రేలితో తాకవలదు.